సేవ చేసేవాళ్లకి పెట్రోలు ఖర్చెందుకు?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్తున్నాయి, బ్యారేజీ చరిత్రలో అదే రికార్డు. ఆ వారం పది రోజులు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చిన్నాపెద్దా స్వచ్ఛంద సంస్థల్లో (ఎన్జీవోల్లో) పనిచేసేవాళ్లకి పగలూ రాత్రీ తేడా తెలియలేదు. నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు, మంచినీళ్ల సీసాలు మోసుకుంటూ తిరిగారు. విచిత్రం ఏంటంటే అలాంటి రోజుల్లో ఒళ్లు హూనమవుతుంది గానీ మనసు విరిగిపోదు. పొట్లం ఇస్తే ఆకలి తీరడం కళ్లముందే కనిపిస్తుంది, ఎవరి పర్మిషనూ అడగక్కర్లేదు, చుట్టూ పదిమంది అదే పనిలో ఉంటారు.

మనసు విరగడం నవంబర్‌లో మొదలవుతుంది. సామాన్లు తోలిన ట్రాక్టరుకి ఆరు వేలు ఇచ్చారు, బిల్లేది అని అకౌంట్స్ అడుగుతారు. మొలలోతు నీళ్లలో ట్రాక్టరాయన్ని బిల్లు బుక్కు తెమ్మని ఎవరడుగుతారు? సరే, వోచర్ రాయండి, ఐదు వేలు దాటింది కాబట్టి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం పెట్టించుకు రండి అంటారు. ఆయన ఫోన్ స్విచాఫ్. ఆయన్ని వెతకడానికి నున్న అనే ఊరి దాకా రెండుసార్లు సొంత బండి మీద, సొంత పెట్రోలుతో. ఈలోగా డబ్బిచ్చిన సంస్థ నుంచి మెయిల్: పంపిణీ ఫోటోల్లో సగానికి జియో ట్యాగ్ (ఎక్కడ తీశారో చూపే గుర్తు) లేదు, లబ్ధిదారుల లిస్టులో 40 మందికి ఆధార్ నంబర్ లేదు, దయచేసి రెండు రోజుల్లో సరిచేయండి. వరదలో ఇల్లు మునిగినవాళ్ల దగ్గరికి రెండు నెలల తర్వాత వెళ్లి, ఆ రోజు మీకు ఇచ్చిన దుప్పటికి సంబంధించి ఆధార్ జిరాక్స్ కావాలండీ అని అడగాల్సి వచ్చినప్పుడు, అడిగే మనిషి లోపల ఏదో తెగుతుంది. ఆ తెగడానికే బర్నౌట్ అని పేరు.

ఈ మాట వినగానే చాలామందికి హైటెక్ సిటీ, నైట్ షిఫ్టులు, లాప్‌టాప్ ముందు వంగిపోయిన కుర్రాళ్లు గుర్తొస్తారు. అసలైతే ఈ మాట పరిశోధనల్లోకి ఎక్కింది ఒక సేవాసంస్థ అనుభవంలోంచే. 1970ల మొదట్లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు పగలంతా సొంత ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రం నుంచి రాత్రి పొద్దుపోయేదాకా న్యూయార్క్‌లోని ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాడు. తనతోపాటు వచ్చే వాలంటీర్లు కొన్నాళ్లకి ఎందుకు నీరుగారిపోతున్నారో గమనించాడు, తనకీ అదే జరిగింది. 1974లో దాని గురించి వ్యాసం రాశాడు. అందులో ఆయన తేల్చిన విషయం ఇప్పటికీ మన ఎన్జీవో పెద్దలకి మింగుడుపడదు: ముందుగా కాలిపోయేది పని దొంగలు కాదు, ప్రాణం పెట్టి చేసేవాళ్లే.

తర్వాత క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో దీన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. అందులో మూడు సంగతులున్నాయి: లోపల ఏమీ మిగలనంత అలసట, మనుషుల మీద మొద్దుబారిపోవడం, తను చేసేదాని వల్ల ఏం ఒరిగింది అనే నిస్పృహ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల వర్గీకరణలో బర్నౌట్‌కి చోటిచ్చింది గానీ జబ్బుగా కాదు. ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అని, సరిగ్గా పట్టించుకోని దీర్ఘకాలపు ఒత్తిడి వల్ల వచ్చేదని రాసింది. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. జబ్బయితే మనిషికి మందివ్వాలి, పరిస్థితి అయితే ఆఫీసుని బాగుచేయాలి.

అలసట అందరికీ కనిపిస్తుంది, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండోది, మొద్దుబారడం, చాలా నెమ్మదిగా వస్తుంది, వచ్చినట్టు మనిషికే తెలియదు. మాటలో మాత్రం దొరికిపోతుంది. విజయవాడ రైల్వే స్టేషన్ సంగతే తీసుకోండి. నాలుగు దిక్కుల రైళ్లు కలిసే జంక్షన్ కాబట్టి ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లలు ఇక్కడ దిగడం దశాబ్దాలుగా ఉంది, వాళ్లకోసం పనిచేసే సంస్థలూ అంతకాలంగా ఉన్నాయి. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు పొద్దున్నే వచ్చి "రాత్రి ఎంతమంది పిల్లలొచ్చారు?" అని అడుగుతారు. రెండేళ్లకి అదే మనిషి "రాత్రి ఎన్ని కేసులొచ్చాయి?" అంటారు. మహద్వాచకం, అమహద్వాచకం అని చిన్నప్పుడు బట్టీపట్టిన వ్యాకరణం ఇలా పనికొస్తుందని ఎవరూ అనుకోరు. "వచ్చారు" పోయి "వచ్చాయి" వచ్చిందంటే, పిల్లలు మనుషుల లెక్కలోంచి వస్తువుల లెక్కలోకి వెళ్లిపోయారన్నమాట. ఆ మనిషి చెడ్డవాడై కాదు. ప్రతి పిల్లాడి కథా మొదటిసారి విన్నట్టే వింటే తట్టుకోలేడు కాబట్టి, మనసు తనకి తాను తలుపేసుకుంది. బాధితులతో పనిచేసేవాళ్లకి వాళ్ల బాధ అంటుకోవడం గురించి 1990ల నుంచీ చాలా పరిశోధన జరిగింది, కరుణ అరిగిపోవడం అనొచ్చు దాన్ని.

మన దగ్గర దీనికి ఇంకో పొర ఉంది. ఫీల్డులో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది అదే వాడ నుంచి, అదే కాలనీ నుంచి వచ్చినవాళ్లు. సంస్థలకి అదే కావాలి కూడా, ఎందుకంటే జనం నమ్మేది వాళ్లనే. కానీ డాక్టరుకి ఆస్పత్రి గేటు దాటితే ఇల్లొస్తుంది, ఫీల్డులో పనిచేసే ఆవిడకి ఇల్లే ఫీల్డు. రాత్రి పదిన్నరకి ఫోన్. "అక్కా, మా ఆయన మళ్లీ తాగొచ్చాడు. తలుపు తియ్యమంటావా, వద్దా?" అక్క జీతం పన్నెండు వేలు అనుకుందాం. ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. తియ్యమంటే ఏమవుతుందో, వద్దంటే ఏమవుతుందో రెండూ భయమే. ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేశాక ఇంక నిద్ర ఎక్కడిది? పొద్దున్నే ఆ కాల్ ఏ రిపోర్టులోనూ ఉండదు, ఎందుకంటే రిపోర్టు ఫార్మాట్‌లో ఉన్న గడి "నిర్వహించిన అవగాహన సదస్సుల సంఖ్య".

ఇక ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్, అంటే ఉద్యోగి పనిలో మనసు పెట్టేలా చూడటం, అనే మాట దగ్గరికొద్దాం. కంపెనీలు దీనిమీద డబ్బు ఖర్చుపెట్టేది ఉద్యోగులకి పనిమీద మనసు లేదని. ఎన్జీవోలు అదే మందు తెచ్చి తమ ఉద్యోగులకి పోస్తున్నాయి, అక్కడున్న రోగం వేరు. విలియం కాన్ అనే పరిశోధకుడు 1990లో ఒక వేసవి శిబిరంలో పనిచేసేవాళ్లనీ, ఒక ఆర్కిటెక్చర్ ఆఫీసు ఉద్యోగులనీ దగ్గరుండి చూసి, మనిషి పనిలో మనసు పెట్టాలంటే మూడు ఉండాలన్నాడు. చేసే పనికి అర్థం ఉందనిపించాలి. ఉన్నదున్నట్టు మాట్లాడితే ముప్పు రాదనే ధైర్యం ఉండాలి. పెట్టడానికి ఒంట్లో, మనసులో ఏదైనా మిగిలి ఉండాలి. మొదటిది ఎన్జీవోల్లో కావాల్సినంత ఉంది, అది చూసే జనం తక్కువ జీతానికి చేరతారు. లేనివి మిగతా రెండు. మరి మన సంస్థలు చేసేదేంటి? ఉన్నదాన్నే ఇంకా పోస్తాయి: మోటివేషన్ క్లాసు, విజన్, మిషన్ చదివించడం, "మనం ఎందుకు ఈ పనిలో ఉన్నామో గుర్తుచేసుకుందాం" అని కన్నీళ్లు పెట్టించే వీడియో. ఎందుకున్నారో వాళ్లకి బాగానే గుర్తుంది. బండిలో పెట్రోలు లేదు, అదీ సంగతి.

పెట్రోలు అన్నది మాటవరసకి కాదు, నిజం పెట్రోలే. ఒక లెక్క వేసి చూద్దాం, ఊహ లెక్కే గానీ ఈ రంగంలో ఉన్నవాళ్లెవరికీ వింతగా అనిపించదు. గుంటూరు నుంచి ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు ఊళ్లు తిరిగే ఫీల్డ్ కోఆర్డినేటర్. నెలకి 22 రోజులు ఫీల్డు, రోజుకి 70 కిలోమీటర్లు, అంటే 1,540 కిలోమీటర్లు. బండి లీటరుకి 50 ఇస్తే దాదాపు 31 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున 3,400 దాకా అవుతుంది. బడ్జెట్‌లో టీఏ (ప్రయాణ ఖర్చు) రెండు వేలు ఫిక్సుడు, మూడేళ్ల కిందట డబ్బిచ్చే సంస్థకి (ఫండర్‌కి) ప్రపోజల్ రాసినప్పుడు పెట్టిన అంకె. మిగతా 1,400 ఎవరిది? జీతం 14,000 అయితే అందులో సరిగ్గా పదోవంతు. టైర్లు, ఇంజన్ ఆయిల్, పంక్చర్లు ఇంకా లెక్కలోకి రాలేదు. అంటే పేదవాళ్ల కోసం పెట్టిన ప్రాజెక్టుకి ప్రతి నెలా పద్నాలుగు వందలు చందా ఇస్తున్న దాత ఒకరున్నారు, ఆ దాత పేరు యాన్యువల్ రిపోర్టు చివరి పేజీలో కృతజ్ఞతల కింద కనిపించదు.

సమయానిదీ ఇదే కథ. ప్రపోజల్‌లో ఫీల్డ్ పనికి డబ్బుంటుంది, రిపోర్టు రాయడానికి ఉండదు, ఫండర్ విజిట్ ఏర్పాట్లకి ఉండదు, కలెక్టరేట్‌లో సంతకం కోసం మూడు పూటలు కూర్చోవడానికి ఉండదు. బడ్జెట్‌లో రాయని ప్రతి ఖర్చూ ఎవరో ఒకరి ఒంట్లోంచే పోతుంది. ఎన్జీవోల్లో బర్నౌట్‌ని సైకాలజీ పుస్తకంలో కంటే బడ్జెట్ షీటులో వెతికితే తొందరగా దొరుకుతుంది.

ఇది సంస్థలు నడిపేవాళ్ల పిసినారితనం మాత్రమే అంటే అన్యాయం. వాళ్ల చేతులూ కట్టేసి ఉన్నాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఆ డబ్బులో పరిపాలన ఖర్చుకి వాడుకోగలిగే వాటా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఆఫీసు అద్దె, అకౌంటెంటు జీతం, కరెంటు బిల్లు అన్నీ ఆ ఇరవైలోనే సర్దాలి. అదే సవరణతో ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు అన్నారు. దిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద సంస్థ ద్వారా వచ్చే డబ్బుతో నడిచే జిల్లాస్థాయి సంస్థలకి ఆ దారి మూసుకుపోయింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు.

మరి మన దేశపు డబ్బు? 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చుపెట్టాలి, 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఇక్కడ ఒక అపార్థం ఏళ్ల తరబడి ఎన్జీవోల మెడకి చుట్టుకుంది. పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదు అని నిబంధనల్లో ఉన్నమాట నిజమే, కానీ అది కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు గురించి. ప్రాజెక్టుని రూపొందించడానికి, అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు ఆ ఐదులోకి రాదని 2021లో మార్చిన నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. అయినా "మీకు ఐదు శాతమే ఇవ్వగలం, రూల్" అంటారు. ఎదురుగా కూర్చున్న ఎన్జీవో సెక్రటరీ గారు తలూపుతారు. రూలు చదవక కొందరు, చదివినా అడిగే ధైర్యం లేక కొందరు. అక్కడ ఊపిన తల బరువు కింద ఫీల్డులో ఉన్నవాళ్ల మీద పడుతుంది.

ఇంకోటి, కేలెండరు. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి, ఖర్చుకాని సీఎస్ఆర్ డబ్బుని వేరే ఖాతాలకి మళ్లించాలనే నిబంధన ఉంది కాబట్టి, కంపెనీలకి ఫిబ్రవరిలో హఠాత్తుగా సేవ గుర్తొస్తుంది. "పదిహేను లక్షలుంది, మార్చిలోపు ఖర్చుపెట్టగలరా?" అని ఫోన్. వద్దంటే వచ్చే ఏడాది పిలవరు. సరే అంటారు. గుంటూరు వైపు జనవరి నుంచి మార్చి దాకా ఏం జరుగుతుందో ఇక్కడివాళ్లకి తెలుసు: మిర్చి కోతలు. కర్నూలు వైపు నుంచి, ప్రకాశం మెట్ట ఊళ్ల నుంచి కుటుంబాలకి కుటుంబాలు వలసొస్తాయి. పిల్లలు బడి మానేసి తల్లిదండ్రులతోపాటు చేలగట్ల మీద గుడారాల్లో ఉంటారు, చెల్లెల్ని ఎత్తుకునేది పదేళ్ల పాప. ఆ పిల్లల్ని దగ్గర్లోని బడికి చేర్చేవాళ్లకి ఏడాదిలో అసలైన పని ఆ మూడు నెలలే. సరిగ్గా అప్పుడే పాత ప్రాజెక్టు క్లోజింగ్, కొత్త పదిహేను లక్షల హడావుడి, డబ్బు ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్లు, ఆడిటర్ గారి ప్రశ్నలు, ఫ్లెక్సీ మీద కంపెనీ లోగో సైజు చిన్నదైందని పేచీ. మిర్చి ఘాటుకి కళ్లు మండుతూ చేలో ఉన్న మనిషికి ఫోనులో ఎక్సెల్ షీటు పూర్తిచేయమని మెసేజి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

అసలు ఇంత జరుగుతున్నా ఎవరూ నోరెత్తరేం? సేవ అనే మాట వల్ల. ఆ మాటకి ఈ గడ్డమీద గౌరవం ఉంది, ఉండాలి కూడా. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకి మార్చిన నాస్తిక కేంద్రం దగ్గర్నుంచి, 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో పదివేలకి పైగా చనిపోయినప్పుడు శవాలు తీయడానికి వెళ్లిన కుర్రాళ్ల దాకా, జీతం అనే ఆలోచనే లేకుండా పనిచేసినవాళ్ల ఆనవాయితీ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో బలంగా ఉంది. ఆ తరం పెద్దలు కొందరు ఇప్పటి కుర్రాళ్లని చూసి "మా రోజుల్లో బస్సు చార్జీలు కూడా సొంతంగా పెట్టుకునేవాళ్లం" అంటారు. నిజమే పెట్టుకున్నారు. అయితే ఆ రోజుల్లో జియో ట్యాగ్ ఫోటో లేదు, త్రైమాసిక టార్గెట్ లేదు, ఏం చేయాలో ఎలా చేయాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. ఈనాటి వ్యక్తికి మాత్రం బాధ్యతలు ఉద్యోగివి, జీతం వాలంటీరుది. (వాలంటీర్ అనే మాట 2019 తర్వాత ఆంధ్రలో ఐదు వేల గౌరవ వేతనం ఉన్న ప్రభుత్వ పనికి పేరైపోయి, మొత్తం అయోమయం అయింది, అది వేరే కథ.) గౌరవ వేతనం అన్నదీ గమ్మత్తైన మాటే. జీతం అని రాస్తే పీఎఫ్ లెక్కలొస్తాయి, 20 మంది, అంతకంటే ఎక్కువ ఉంటే చట్టం వర్తిస్తుంది. అందుకని జీతం తీసేసి ఆ చోట గౌరవం పెట్టారు.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. 2009లో బండర్సన్, థాంప్సన్ అనే ఇద్దరు అమెరికాలో జూ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం ఒకటుంది. జంతువుల్ని చూసుకోవడమే తమ జన్మకి అర్థం అనుకునే ఉద్యోగులు తమ పనిని ఎక్కువ ప్రేమించారు, దానికోసం జీతం, సుఖం వదులుకోవడానికి ఎక్కువ సిద్ధపడ్డారు, అదే సమయంలో యాజమాన్యం తన బాధ్యత నెరవేరుస్తోందా అని కనిపెట్టుకుని ఉండటమూ వాళ్లలోనే ఎక్కువ. 2020లో వచ్చిన ఇంకో పరిశోధనలో తేలింది ఇంకా ఇబ్బందికరం: ఫలానా మనిషికి ఆ పనంటే ఇష్టం అని తెలిస్తే, అతనితో జీతం ఇవ్వకుండా అదనపు పని చేయించుకోవడం తప్పేమీ కాదని చూసేవాళ్లకి అనిపిస్తుందట. మన ఇళ్లలో బాగా వంట చేసే కోడలికి పండగనాడు ఏం జరుగుతుందో గుర్తుచేసుకుంటే పరిశోధన చదవక్కర్లేదు.

దీనికి తోడు "మనమంతా ఒక కుటుంబం" అనే మాట. డైరెక్టర్ గారిని కొన్నిచోట్ల నాన్నగారు అంటారు, మేడం గారిని అమ్మ అంటారు. ప్రేమగానే అంటారు, చాలాసార్లు ఆ ప్రేమ రెండు వైపులా ఉంటుంది కూడా, కూతురి పెళ్లికి డైరెక్టరే అప్పిచ్చిన సందర్భాలు ఉంటాయి. కానీ నాన్నగారిని ఓవర్‌టైమ్ అడగలేరు. అమ్మ మీద గ్రీవెన్స్ కమిటీకి రాయలేరు. కాన్ చెప్పిన రెండోది, ఉన్నదున్నట్టు మాట్లాడే ధైర్యం, సరిగ్గా ఇక్కడ ఆవిరైపోతుంది. పక్కపక్క బల్లల దగ్గర ఒకే పనిచేసే ఇద్దరిలో ఒకరికి విదేశీ ప్రాజెక్టు నుంచి 22,000, ఇంకొకరికి సీఎస్ఆర్ ప్రాజెక్టు నుంచి 13,000 వస్తుంటే ఆ కుటుంబంలో ఎవరూ దాని గురించి మాట్లాడరు, ఇద్దరూ టీ కలిసి తాగుతారు, మూడేళ్లకి తక్కువ వచ్చేవాళ్లు చెప్పకుండా మానేస్తారు. బయట మాత్రం సంస్థకి ఉత్తమ సేవా అవార్డు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

పని భద్రత సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 1996లో ముంబైలో మొదలై దేశమంతా పాకిన పిల్లల హెల్ప్‌లైన్, చైల్డ్‌లైన్ 1098ని ఊరూరా ఎన్జీవోలే నడిపాయి. 2023లో దాన్ని ప్రభుత్వ యంత్రాంగం కిందికి మార్చారు. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న చర్చ పక్కనపెడితే, ఏళ్ల తరబడి రాత్రిళ్లు ఆ ఫోన్లకి పరిగెత్తినవాళ్లకి ఆ పని ఒక్కసారిగా పోయింది. ప్రాజెక్టు క్లోజ్ అయింది అనే మూడు మాటలకి ఈ రంగంలో అందరూ అలవాటు పడ్డారు, అదే భయంగా ఉంది.

మరి చేయగలిగింది ఏమీ లేదా? ముందు పనికిరానివి. భవానీ ద్వీపంలో ఒకపూట పిక్నిక్, అందరికీ ఒకే రంగు టీషర్టులు, గ్రూప్ ఫోటో, సాయంత్రానికి ఆఫీసు గ్రూపులో పెండింగ్ రిపోర్టుల లిస్టు. పిక్నిక్ తప్పు కాదు, బజ్జీలు తిని రావడం ఎవరికైనా మంచిదే, దాన్ని బర్నౌట్‌కి మందు అనడమే తప్పు. యోగా క్లాసుదీ అంతే. 2017లో డాక్టర్ల బర్నౌట్ మీద వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, వ్యక్తికి ధ్యానమో తర్ఫీదో నేర్పే కార్యక్రమాల కంటే డ్యూటీల పద్ధతి, పని ఏర్పాటు మార్చిన కార్యక్రమాలే మెరుగ్గా పనిచేశాయని తేలింది. డాక్టర్లకే అలా ఉంటే, పెట్రోలు లెక్క తేలని కోఆర్డినేటర్‌కి ప్రాణాయామం ఏం చేస్తుంది?

పనికొచ్చేవి చూడ్డానికి చప్పగా ఉంటాయి. టీఏని ఫిక్సుడుగా కాకుండా కిలోమీటరుకి ఇంత అని లెక్కకట్టి, పెట్రోలు ధరతోపాటు మార్చడం ఒకటి. రాత్రి కాల్స్ కోసం సంస్థకి ఒక ఫోను విడిగా కొని, అది నలుగురిలో వారానికొకరి దగ్గర ఉండేలా వంతులు వేయడం ఇంకోటి. ఈ రెండోదానికి ఖర్చు పదివేలు కూడా కాదు, ఒక ఫీచర్ ఫోనూ ఒక సిమ్మూ. కానీ దీనివల్ల మూడు వారాలు రాత్రిపూట ఫోన్ మోగితే గుండె అదరదు. కాల్ వచ్చినవాళ్లు పొద్దున్నే దాని గురించి ఇంకొకరికి చెప్పుకునే అరగంట ఉండాలి, దాన్ని మీటింగులో టార్గెట్ల చర్చ కింద పూడ్చేయకూడదు. చాలా సంస్థల్లో సోమవారం రివ్యూ ఉంటుంది. ఆ రివ్యూలో "ఎన్ని?" అన్న ప్రశ్నే వినిపిస్తుంది. "ఈ వారం ఏది కష్టంగా అనిపించింది?" అని ఎవరైనా అడిగితే మొదటి రెండు వారాలు ఎవరూ మాట్లాడరు, మూడో వారం ఎవరో ఒకరు మొదలుపెడతారు, తర్వాత ఆపడం కష్టం. దానికి సిద్ధపడే అడగాలి.

మాస్లాక్, ఆమె సహచరుడు మైకేల్ లైటర్ బర్నౌట్‌కి దారితీసే ఆరు చోట్లు చెప్పారు: పని బరువు, చేతిలో ఉండే అధికారం, దక్కే ప్రతిఫలం, తోటివాళ్లతో సంబంధం, న్యాయం, విలువలు. మన సంస్థలకి డబ్బు లేక చేయలేనివి ఇందులో ఒకటిన్నర. అధికారం ఇవ్వడానికి డబ్బక్కర్లేదు. ఏ ఊరికి ఏ రోజు వెళ్లాలో కోఆర్డినేటర్‌నే నిర్ణయించుకోనివ్వచ్చు, రెండు వేల లోపు ఖర్చుకి ముందస్తు సంతకం అక్కర్లేదు అనొచ్చు. ఒకే పనికి ఉన్న రెండు జీతాలని వెంటనే సమానం చేయలేకపోయినా ఎందుకు తేడా ఉందో అందర్నీ కూర్చోబెట్టి కాగితం మీద చూపించొచ్చు. ప్రాజెక్టు ఆగబోతోందని మూడు నెలల ముందే చెప్పొచ్చు. డైరెక్టర్లు దీనికి వెనకాడతారు, చెప్తే మానేస్తారని. చెప్పకపోయినా వాళ్లకి తెలుస్తుంది. జీతం ఆలస్యమైన మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

ఫండర్లు చేయాల్సింది దీనికంటే సులువు, అందుకే చేయరేమో. ప్రపోజల్ ఫారంలో "మీ సిబ్బంది ప్రయాణానికి నిజంగా ఎంతవుతుంది, రిపోర్టులు రాయడానికి నెలకి ఎన్ని రోజులు పడుతుంది?" అని ఒక గడి పెడితే చాలు. ఫిబ్రవరిలో చేసే ఫోను సెప్టెంబర్‌లో చేస్తే ఇంకా మంచిది, మిర్చి కోతలు అప్పటికి మొదలవ్వవు.

ఇక ఈ రంగంలో కొత్తగా చేరాలనుకునే పిల్లలు, సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) చదివి సర్టిఫికెట్ల ఫైలుతో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు, మొహమాటపడకుండా మూడు సంగతులు అడగాలి. టీఏ కిలోమీటరుకా, నెలకా? రాత్రిపూట ఫోన్ ఎవరి దగ్గరుంటుంది? ఇదే ఉద్యోగం ఇంతకుముందు ఎవరు చేశారు, ఎన్నాళ్లు చేశారు, వాళ్ల నంబర్ ఇస్తారా? మొదటి రెండింటికి జవాబు ఎలా ఉన్నా, మూడోదానికి ఎదుటివాళ్లు నంబర్ ఇచ్చారో లేదో చూసుకుని, ఇస్తే ఆ సాయంత్రమే ఫోన్ చేయాలి.